అర సెకను శ్రద్ధ

2024 మార్చి నెలాఖరు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తన కంప్యూటర్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలుస్తున్నాడు. ఆ పని చేసేటప్పుడు యంత్రంలో ఇంకే సందడీ ఉండకూడదు, ఉంటే కొలత తప్పుతుంది. ఒక్కొక్కటే ఆపుకుంటూ వస్తుంటే, ఊరికే పడి ఉండాల్సిన చోట ఏదో మసులుతున్నట్టు కనిపించింది. దూరంనుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం, తప్పుడు పేర్లతో తలుపు తట్టేవాళ్లను గుమ్మంలోంచే పంపేయాల్సింది పోయి, ప్రాసెసర్‌ను తెగ వాడుకుంటోంది. లాగిన్‌కు పట్టే సమయం సుమారు అర సెకను పెరిగింది.

అర సెకను తేడాను ఎవరు పట్టించుకుంటారు? నెట్ మందకొడిగా ఉందనో, అప్‌డేట్ ఏదో నడుస్తోందనో అనుకుని వదిలేస్తారు. ఫ్రాయిండ్ వదల్లేదు. అతను సెక్యూరిటీ నిపుణుడు కాడు, ఆ మాట తనే చెప్పుకున్నాడు. కొన్ని వారాల కిందట ఇంకో పరీక్షలో వచ్చిన అర్థంకాని హెచ్చరిక ఒకటి అతని మనసులో మిగిలిపోయి ఉంది. ఆ రెంటినీ కలిపి తవ్వుకుంటూ వెళితే, ఫైళ్లను కుదించడానికి లినక్స్ లోకమంతా వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ దగ్గర తేలాడు. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి పెట్టారు. సరిపోయే రహస్య తాళం ఉన్నవాడు ఆ దారిన పాస్‌వర్డ్ లేకుండానే సర్వర్లోకి వచ్చి తనకు కావలసిన ఆదేశాలు నడిపించుకోవచ్చు. మార్చి 29న ఫ్రాయిండ్ ఈ సంగతి బయటపెట్టాడు. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ వ్యవస్థల ప్రయోగాత్మక విడుదలల్లోకి వచ్చేశాయి. నిజమైన సర్వర్ల మీద నడిచే స్థిరమైన విడుదలల్లోకి ఇంకా చేరలేదు.

ఆ దొడ్డిదారి వెనకున్న ఓపిక అంతకంటే భయపెడుతుంది. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి చూసుకుంటున్నది ఫిన్లాండుకు చెందిన లాస్సె కాలిన్ అనే ఒకే ఒక్కడు, జీతం లేకుండా. 2021లో 'జియా టాన్' అనే పేరుతో ఒకరు వచ్చి చిన్న చిన్న సవరణలు పంపడం మొదలుపెట్టారు. పని శుభ్రంగా ఉండేది. 2022లో ఇంకొన్ని పేర్లు ప్రత్యక్షమయ్యాయి. పనులు ఆలస్యమవుతున్నాయని, ఇంకొకరికి బాధ్యత ఇవ్వాలని కాలిన్‌ను సతాయించడమే వాటి పని. అలసిపోయి ఉన్న మనిషి నమ్మకంగా సాయం చేస్తున్నవాడికి తాళాలిచ్చాడు. రెండేళ్లు నమ్మకం సంపాదించి, ఆ నమ్మకాన్నే ఆయుధం చేసుకున్నారు. జియా టాన్ ఎవరో, ఒక మనిషో ఒక ముఠానో ఈ రోజుకీ తేలలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఇక్కడ దొంగ ముందు ఇంటివాడయ్యాడు, ఆ తర్వాతే దొంగయ్యాడు. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్‌ల భద్రత గురించి ఇష్టంగా మాట్లాడుకునేవాళ్లందరి చర్చా చివరికి చేరే చోటు ఇదే. అన్నిటినీ ఎవరూ స్వయంగా పరీక్షించి చూసుకోలేరు. అలాంటప్పుడు నమ్మడం అంటే ఏమిటి? అది జ్ఞానంలో ఒక భాగమా, లేక జ్ఞానం లేని చోట చేసే సర్దుబాటా? కంప్యూటర్లు పుట్టడానికి దాదాపు రెండువేల ఏళ్ల ముందునుంచీ ఈ దేశంలో తర్కపండితులు, మీమాంసకులు, బౌద్ధులు కత్తులు నూరుకున్న ప్రశ్న ఇది.

ఆప్తుడెవరు?

తర్కసంగ్రహం చదివినవాళ్లకు ప్రమాణాలు, అంటే సరైన జ్ఞానాన్నిచ్చే సాధనాలు, నాలుగని తెలుసు: ప్రత్యక్షం, అనుమానం (గుర్తునుబట్టి ఊహించి తేల్చుకోవడం), ఉపమానం (పోలిక), శబ్దం. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ఆ చిన్న పుస్తకం ఇప్పటికీ సంస్కృత పాఠశాలల్లో తర్కానికి మొదటి మెట్టు. అందులో శబ్దప్రమాణం అంటే ఆప్తుడి మాట. ఆప్తుడంటే దగ్గరివాడని తెలుగులో వాడుక. తర్కంలో ఆ మాటకు అర్థం వేరు: ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు, అతనితో చుట్టరికం ఉందా లేదా అన్నదానితో పనిలేదు.

కంప్యూటర్ వాడే మనిషి జీవితమంతా శబ్దప్రమాణం మీదే నడుస్తోంది. ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచినవాడు దాని లోపలి కోడ్‌ను కళ్లతో చూడలేదు, చూసినా అర్థం కాదు. ఇది ఫలానా బ్యాంకుదేనని యాప్ స్టోర్ చెప్పింది. ఈ సంతకం సరైనదేనని ఆపరేటింగ్ సిస్టం చెప్పింది. ఈ మాటలు మారకుండా వచ్చాయని నెట్‌వర్క్ చెప్పింది. తెర మీద కనిపించే చిన్న తాళం బొమ్మ నిజానికి ఒక వాక్యం, ఎవరో ఇచ్చిన హామీ. ఆ ఎవరో ఆప్తుడా కాదా అన్నది ఆ తాళం బొమ్మ చెప్పలేదు.

మీమాంసకులకు ఇక్కడ ఒక పదునైన వాదన ఉంది. మాటలో దోషం దానంతట అది పుట్టదు, మాట్లాడినవాడి అజ్ఞానంనుంచో మోసంనుంచో వస్తుంది. వేదానికి కర్త లేడు, అది అపౌరుషేయం, కాబట్టి కర్త దోషాలు దానికి అంటవు. ఈ వాదనను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అది సాఫ్ట్‌వేర్ మీద వేసే వెలుగు గట్టిది. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పంక్తీ పౌరుషేయమే. ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి, ఏదో ఒక ఉద్దేశంతో రాసిందే. యంత్రం నిష్పాక్షికంగా చెప్పిందనే భావన, రాసినవాళ్లను మరిచిపోవడంనుంచి వస్తుంది. కర్త తెలియకపోవడం కర్త లేకపోవడంతో సమానం కాదని జియా టాన్ ఉదంతం కళ్లకు కట్టింది.

అడుగుకు అడుగు

కర్తను మరీ లోతుగా దాచేయవచ్చని మొదట గట్టిగా చెప్పినవాళ్లలో కెన్ థాంప్సన్ ఒకడు. డెన్నిస్ రిచీతో కలిసి యునిక్స్‌ను తయారుచేసినందుకు ఇద్దరికీ 1983 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ సందర్భంగా థాంప్సన్ చేసిన ప్రసంగం 1984లో అచ్చయింది. సన్మానం జరిగే సభలో పాత జ్ఞాపకాలు చెప్పుకోవడం ఆనవాయితీ. థాంప్సన్ మాత్రం ఒక దొంగను తయారుచేసే విధానం చెప్పాడు.

మనుషులు రాసే కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే అంకెలుగా మార్చే ప్రోగ్రాంను కంపైలర్ అంటారు. ఆ కంపైలర్‌కు ఒక దుర్బుద్ధి నేర్పితే? లాగిన్ ప్రోగ్రాం తన చేతికి వచ్చినప్పుడల్లా అందులో ఒక రహస్య పాస్‌వర్డ్‌ను చేర్చమని చెబితే? లాగిన్ ప్రోగ్రాం మూలకోడ్‌ను ఎంత చదివినా తప్పు దొరకదు. సరే, కంపైలర్ మూలకోడ్‌ను చదివి పట్టుకుందామంటారు. కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే, దాన్ని తయారుచేసేదీ కంపైలరే. అందుకని రెండో దుర్బుద్ధి: కంపైలర్‌నే మళ్లీ తయారుచేస్తున్నప్పుడు ఈ రెండు బుద్ధుల్నీ కొత్తదాంట్లోకి ఎక్కించమని నేర్పడం. ఇక మూలకోడ్‌నుంచి ఆ పంక్తులన్నీ చెరిపేయవచ్చు. కాగితం మీద అంతా శుభ్రం. దొంగ మాత్రం తరం తర్వాత తరం పుడుతూనే ఉంటాడు. కంచే చేను మేయడం అంటే ఇంతకంటే ఏముంటుంది? పూర్తిగా సొంతంగా రాసుకున్నది తప్ప ఏ కోడ్‌నూ నమ్మలేమన్నది థాంప్సన్ తేల్చిన మాట. ఇది ఊహ మాత్రమే కాదు, ఆయన ఆ కంపైలర్‌ను నిజంగానే రాశాడు. దాని కోడ్ 2023లో రస్ కాక్స్ వివరణతో లోకానికి అందింది.

2015లో ఇదే ఆలోచన మోటు రూపంలో బజారుకెక్కింది. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ అనే పనిముట్టు ఆపిల్ సర్వర్లనుంచి చైనాలో చాలా నెమ్మదిగా దిగేది. తొందరపడిన డెవలపర్లు అక్కడి ఫైల్ షేరింగ్ సైట్లలో దొరికిన కాపీలు తెచ్చుకున్నారు. ఆ కాపీల్లో కల్తీ ఉంది. వాటితో కట్టిన యాప్‌లన్నిటిలోకీ ఆ కల్తీ ఎక్కింది, వీచాట్ వెర్షన్ ఒకటి కూడా అందులో ఉంది. యాప్ రాసినవాళ్లలో ఎవరూ మోసగాళ్లు కారు. వాళ్ల చేతిలోని సుత్తే మోసం చేసింది.

సాఫ్ట్‌వేర్ కింద హార్డ్‌వేర్ ఉంటుంది. అక్కడైనా కాలికి గట్టి నేల తగులుతుందా? 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు ఆ ఆశను కూడా కదిపేశాయి. ఆధునిక ప్రాసెసర్ వేగం కోసం ముందే ఊహించి పనిచేస్తుంది. టిఫిన్ సెంటర్లో రోజూ వచ్చే మనిషి గుమ్మంలో కనిపించగానే అడక్కముందే పెసరట్టు పెనం మీద వేసే వంటమనిషి లాంటిది. ఆ మనిషి ఈ రోజు వద్దన్నాడనుకోండి, అట్టు తీసి పక్కన పడేస్తాడు, లెక్కలో రాయడు. కానీ పెనం వేడిగా ఉంటుంది. ఆ వేడి చూసి, అక్కడ ఏం వేశారో పక్కవాడు పసిగట్టవచ్చు. ప్రాసెసర్ కూడా తప్పిన ఊహను రద్దు చేస్తుంది గానీ దాని జాడ క్యాష్ మెమరీలో మిగిలిపోతుంది. ఆ జాడను కాలంతో కొలిచి, చూడకూడని రహస్యాలను చదివేయవచ్చని పరిశోధకులు చూపించారు. అక్కడ ఏ ఇంజనీరూ దొంగ కాదు. వేగం మీది ప్రేమే లోపానికి తలుపు తీసింది.

నాగార్జునుడి ప్రశ్న

కోడ్‌ను నమ్మాలంటే కంపైలర్‌ను నమ్మాలి, దాన్ని నమ్మాలంటే ఇంకో కంపైలర్‌ను, దాని కింద ప్రాసెసర్‌ను, ఆ కింద దాన్ని గీసిన సాఫ్ట్‌వేర్‌ను. ఎక్కడా ఆగని ఈ దిగుడుబావి మెట్లను తర్కశాస్త్రం అనవస్థ అంటుంది. రమారమి రెండో శతాబ్దానికి చెందిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడు ఈ అనవస్థతోనే నైయాయికులను, అంటే న్యాయదర్శనానికి చెందిన తర్కపండితులను, నిలదీశాడు. సంప్రదాయం ఆయన్ని ముడిపెట్టే శ్రీపర్వతం కృష్ణా లోయలోదే, నాగార్జునకొండకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో ఆయన అడిగినదాని సారం ఇది: వస్తువులు ప్రమాణాలతో తెలుస్తాయంటున్నారు, మరి ప్రమాణాలు దేనితో తెలుస్తాయి? వేరే ప్రమాణాలతో అంటే అంతుండదు. ఏ ప్రమాణమూ అక్కర్లేదంటే, అన్నిటికీ ప్రమాణం కావాలన్న మీ మాట మీరే కాదన్నట్టు.

ఇంటర్నెట్ ఈ ప్రశ్నకు ఇచ్చుకున్న జవాబును చూస్తే నాగార్జునుడు తల పంకించేవాడేమో. వెబ్‌సైట్ అసలైనదని చెప్పడానికి ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది. దాని మీద ఒక సంస్థ సంతకం, ఆ సంస్థ మీద ఇంకో పై సంస్థ సంతకం. అన్నిటికంటే పైన ఉన్న మూల సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం? దానిదే. తనను తానే ధ్రువీకరించుకుంటుంది. బ్రౌజరో ఆపరేటింగ్ సిస్టమో దాన్ని తన జాబితాలో పెట్టుకుంది కాబట్టి అది చెల్లుతుంది.

2011లో ఆ ఏర్పాటు ఒక చోట పుటుక్కున తెగింది. డిజినోటార్ అనే డచ్చి సంస్థలోకి హ్యాకర్లు చొరబడి గూగుల్‌తో సహా ఎన్నో పేర్ల మీద దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. ఇరాన్‌లో మూడు లక్షల మంది దాకా జీమెయిల్ వాడకందార్ల మీద నిఘాకు అవి ఉపయోగపడ్డాయి. తాళం బొమ్మ అందరికీ మామూలుగానే కనిపించింది. గూగుల్ సర్టిఫికెట్ ఎలా ఉండాలో క్రోమ్ బ్రౌజర్‌లో విడిగా రాసిపెట్టి ఉండటం వల్ల ఇరాన్‌లో ఒక వాడకందారుకు హెచ్చరిక వచ్చింది, అక్కడినుంచి డొంకంతా కదిలింది. సెప్టెంబరుకల్లా డిజినోటార్ దివాళా తీసింది. భారతదేశానికీ ఇలాంటి అనుభవం ఉంది: 2014 జూలైలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ విభాగంనుంచి గూగుల్ పేర్ల మీద అనుమతి లేని సర్టిఫికెట్లు వెలువడినట్టు గూగుల్ గుర్తించింది, వాటిని రద్దు చేశారు. శిఖరం మీద కూర్చున్నవాడు జారితే కింద ఉన్న ప్రతివాడి కాలూ జారుతుంది.

ఇంకో మూలం దగ్గర ఇంజనీర్లు ఎన్నుకున్న దారి వింటే పూజారులు గుర్తుకొస్తారు. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థకు ఒక మూల తాళం ఉంది. 2010నుంచి దాన్ని ఉపయోగించే ప్రతి సందర్భాన్నీ వాళ్లు క్రతువు అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తున్నారు. మామూలుగా ఏడాదికి నాలుగుసార్లు, అమెరికాలోని ఎల్ సెగుండో, కల్‌పెపర్ పట్టణాల్లో జరుగుతుంది. వేర్వేరు దేశాలనుంచి వచ్చిన స్వచ్ఛంద ప్రతినిధుల దగ్గర ఇనప్పెట్టెల లోపలి అరల తాళాలుంటాయి. ఏడుగురిలో కనీసం ముగ్గురు కలిస్తే తప్ప పని జరగదు. ఏ నిమిషంలో ఎవరు ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది, అంతా కెమెరాల ముందే జరుగుతుంది. క్రమం తప్పితే ఆ తప్పును నమోదు చేయడానికి ఒక సాక్షి ఉంటాడు. యజ్ఞశాలలో బ్రహ్మ అనే ఋత్విక్కుది ఇదే స్థానం: మిగతావాళ్లు మంత్రం చదువుతూ హోమం చేస్తుంటే ఆయన మౌనంగా చూస్తూ, లోపం జరిగితే సరిదిద్దుతాడు. 2020 ఫిబ్రవరిలో ఒక ఇనప్పెట్టె తాళం మొరాయించి ఈ క్రతువు కొన్ని రోజులు వాయిదా పడింది. ఆ జాప్యాన్ని దాచలేదు, అది కూడా అందరి కళ్లముందే జరిగింది. తనను తానే ధ్రువీకరించుకునే మూలానికి ఇక్కడ బలం చూసే కళ్లనుంచి వస్తోంది.

త్రాసును తూచే బంగారం

నాగార్జునుడి వంటివారి ప్రశ్నకు న్యాయదర్శనం దగ్గర ఒక చక్కటి జవాబుంది. గౌతముడి న్యాయసూత్రాలు త్రాసును ఉదాహరణ చేస్తాయి. త్రాసు బంగారాన్ని తూచుతుంది, అప్పుడది ప్రమాణం. త్రాసు మీదే అనుమానం వస్తే, బరువు తెలిసిన బంగారాన్ని వేసి త్రాసునే పరీక్షించవచ్చు, అప్పుడు త్రాసు ప్రమేయం. ఒకే వస్తువు ఒకసారి కొలత, ఇంకోసారి కొలవబడేది. అన్నిటికీ అడుగున ఒక్క కదలని రాయి ఉండాలన్న పట్టుదల నైయాయికుడికి లేదు. ఒకదాన్ని ఒకటి సరిచూసుకునే వస్తువులు నాలుగుంటే వ్యవహారం నడుస్తుంది.

1994లో థామస్ నైస్లీ అనే అమెరికన్ గణితాచార్యుడు చేసింది అదే. జంట ప్రధాన సంఖ్యల మీద సుదీర్ఘమైన లెక్కలు చేస్తూ, కొత్తగా వచ్చిన పెంటియం కంప్యూటర్‌ను తన యంత్రాల వరసలో చేర్చాడు. దాని ఫలితం మిగతావాటితో కలవలేదు. తన ప్రోగ్రామే తప్పేమోనని ముందు నెలల తరబడి తననే అనుమానించుకున్నాడు. ఒక్కో కారణాన్నీ తీసేస్తూ వచ్చి, అక్టోబరుకు తప్పు ప్రాసెసర్ భాగహారంలో ఉందని తేల్చాడు. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి, ఆ చిప్ 1.33374 అని చెప్పేది. నాలుగో దశాంశ స్థానంలో తేడా. అడిగినవాళ్లందరికీ చిప్‌లు మార్చి ఇవ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. పాత త్రాసు పక్కన ఉండబట్టే కొత్త త్రాసు తప్పు తేలింది.

థాంప్సన్ దొంగకు కూడా విరుగుడు ఈ దారిలోనే దొరికింది. డేవిడ్ వీలర్ 2009లో తన డాక్టరేట్ పరిశోధనలో చూపిన పద్ధతి ఇది: అనుమానం ఉన్న కంపైలర్‌ను, దానితో ఏ సంబంధమూ లేని ఇంకో కంపైలర్‌తో మూలకోడ్‌నుంచి తిరిగి కట్టాలి. అలా వచ్చినదానితో అదే మూలకోడ్‌ను మరోసారి కట్టాలి. చివరికి వచ్చిన అంకెలు అసలుదాని అంకెలతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలితే, మూలకోడ్‌లో లేని దొంగ అందులో లేడు. రెండో కంపైలర్ పరమ పవిత్రమైనది కానక్కర్లేదు. ఇద్దరూ ఒకే మోసానికి ముందే కూడబలుక్కుని ఉండకపోతే చాలు. డెబియన్ బృందం 2013నుంచి నడుపుతున్న 'రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్' ప్రయత్నం కూడా ఇదే బాట: ఒకే మూలకోడ్‌ను వేర్వేరు మనుషులు వేర్వేరు యంత్రాల మీద కట్టి, ఒకటే ఫలితం వచ్చిందా అని పోల్చుకోవాలి. డిజినోటార్ తర్వాత సర్టిఫికెట్లకూ ఇలాంటి ఏర్పాటే వచ్చింది. పుట్టిన ప్రతి సర్టిఫికెట్‌నూ ఎవరైనా చూడగల బహిరంగ చిట్టాలో రాయాలి, 2018నుంచి క్రోమ్ దాన్ని తప్పనిసరి చేసింది. శిఖరం మీదివాడు ఏం చేసినా ఊరందరికీ కనిపిస్తుంది.

నేల దాకా దిగాలన్న తపన మాత్రం చావలేదు, చావకూడదు కూడా. 2023లో గిక్స్ అనే లినక్స్ వ్యవస్థ బృందం, ముందే తయారై ఉన్న కంపైలర్లను నమ్మకుండా 357 బైట్ల బీజంనుంచి అంచెలంచెలుగా మొత్తం సాఫ్ట్‌వేర్‌ను కట్టి చూపింది. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అంటే ఆ బీజం 119 తెలుగు సంకేతాలంత, ఒక్క వాక్యమంత. మనిషి కూర్చుని అంకె అంకె చదివి అర్థం చేసుకోగలిగినంత. అంత చేసినా దాని కింద ఆపరేటింగ్ సిస్టం గుండె అయిన కెర్నెల్, ప్రాసెసర్ ఉండనే ఉన్నాయి. నాగార్జునుడి ప్రశ్న అలాగే నిలబడి ఉంది, దాని వైశాల్యం మాత్రం తగ్గింది.

అనుమానం ఎక్కడ ఆగాలి?

ఇంతదాకా చదివినవాడికి ఫోన్ పక్కన పడేయాలనిపించవచ్చు. అక్కడ ఆపడానికి ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు ఉన్నాడు. ఆయన వాదం స్వతఃప్రామాణ్యం. జ్ఞానం పుట్టగానే దానికి విలువ ఉన్నట్టే. దాన్ని కొట్టేసే ఇంకో జ్ఞానం వస్తేనో, అది పుట్టిన కారణంలోనే దోషం కనబడితేనో అప్పుడు వదులుకోవాలి. అనుమానించడానికి కారణం ఉండాలి గానీ, నమ్మడానికి అనుమతి అక్కర్లేదు. అనుమానం వచ్చినా ఎడతెగకుండా తవ్వాల్సిన పనిలేదని, మూడు నాలుగు సార్లు సరిచూస్తే చాలని ఆయన అంటాడు. నైయాయికులది దీనికి ఎదురు పక్షం: జ్ఞానం నిజమో కాదో బయటి పరీక్షే చెప్పాలి, ఎండమావో నీళ్లో దాహం తీరితేనే తెలుస్తుంది.

ఫ్రాయిండ్ చేసిన పనిలో ఈ రెండు పక్షాలూ కలిసి కనిపిస్తాయి. అతను ఎక్స్‌జెడ్‌ను ఏనాడూ అనుమానించి తెరవలేదు. అందరిలాగే నమ్మి వాడుకున్నాడు, అలా వాడకపోతే తన పని ఒక్క అంగుళం కూడా ముందుకు సాగదు. కానీ ఆ నమ్మకాన్ని కొట్టేసే బాధకం వచ్చినప్పుడు, అర సెకను రూపంలో వచ్చినా సరే, దాన్ని కప్పిపెట్టలేదు. అక్కడినుంచి నైయాయికుడై పరీక్షకు దిగాడు.

భద్రతా రంగంలో 2010నుంచి 'జీరో ట్రస్ట్' అనే మాట బాగా చలామణిలో ఉంది. ఫారెస్టర్ సంస్థలో ఉండగా జాన్ కిండర్‌వాగ్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు, 2020లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దాని మీద మార్గదర్శకం వెలువరించింది. ఆఫీసు గోడల లోపల ఉన్నాడు కదా అని ఎవరినీ లోపలికి వదలకూడదు, ప్రతి అడుగులోనూ సరిచూడాలి అన్నది దాని సారం. మంచి నియమమే. పేరు మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. సరిచూసే సర్వర్‌ను నమ్మాలి, గుర్తింపు ఇచ్చే సంస్థను నమ్మాలి, చేతిలోని పరికరాన్ని నమ్మాలి. నమ్మకం సున్నా కాలేదు, చోటు మారింది. ఎక్కడికి మారిందో తెలియడమే లాభం.

ఈ విద్యలేవీ తెలియని సామాన్యుడి మీద జరిగే దాడి కూడా శబ్దప్రమాణం మీదే. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు, వెనక గోడ మీద ప్రభుత్వ చిహ్నం, గొంతులో అధికారం. 'డిజిటల్ అరెస్టు' పేరుతో రిటైరైన ఉద్యోగులను, డాక్టర్లను గంటల తరబడి కెమెరా ముందునుంచి కదలనివ్వకుండా కూర్చోబెట్టి ఉన్నదంతా ఊడ్చేస్తున్నారు. హైదరాబాదు, విశాఖ కూడా ఇందుకు మినహాయింపు కాదు. చట్టంలో అలాంటి అరెస్టే లేదని ప్రభుత్వం చెబుతూనే ఉంది, ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. మోసపోయినవాళ్లను అమాయకులని తేలిగ్గా అనేయడం అన్యాయం. వాళ్లు చేసింది పెద్దల మాట వినడం, చిన్నప్పటినుంచీ సమాజం నేర్పిందే. కాల్ పెట్టేసి, ఇంట్లో ఒకరితో మాట్లాడి, దగ్గరి స్టేషన్‌కు ఫోన్ చేయడం అంటే కుమారిలుడు చెప్పిన ఆ మూడు నాలుగు తనిఖీలే. అందుకే ఆ దొంగలు అన్నిటికంటే ముందు చేసేది, ఇంకెవరితోనూ మాట్లాడనివ్వకపోవడం. త్రాసు పక్కన ఇంకో త్రాసు లేకుండా చూసుకుంటారు.

దీపానికి నెయ్యి

శ్రద్ధ అనే మాటకు ఉపనిషత్తుల్లో విశ్వాసం అని అర్థం. నచికేతుడిలో శ్రద్ధ ప్రవేశించిందని కఠోపనిషత్తు చెప్పే చోట ఆ మాటకున్న బరువు అదే. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట ఇంకో రంగు పూసుకుంది. శ్రద్ధగా చదువుకో అంటే నమ్మి చదువుకో అని ఏ తల్లీ ఉద్దేశించదు, మనసు పెట్టి చదవమని. ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టు అంటే పట్టించుకోమని. నమ్మడం, పట్టించుకోవడం రెండూ ఒకే మాటలో ఒదిగిపోయాయి. కంప్యూటర్ భద్రత అడిగే గుణానికి ఇంతకంటే సరైన పేరు దొరకదు. పట్టించుకోని నమ్మకం డిజినోటార్ తాళం బొమ్మను చూసి నిశ్చింతగా ఉంటుంది. నమ్మకం లేని పట్టింపు పని చేయనివ్వదు, చివరికి అలసిపోయి అన్నిటినీ ఒకేసారి వదిలేస్తుంది.

ఈ శ్రద్ధ యంత్రాల మీద పెడితే చాలదు, వాటిని నిలబెట్టేవాళ్ల మీద కూడా పెట్టాలి. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడేనాటికి, ఆ లోపం ఉన్న, ఇంటర్నెట్‌లో అధిక భాగం ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పూర్తికాలం పనిచేసే మనిషి దాదాపు ఒక్కడే, ఏడాదికి వచ్చే విరాళాలు రెండువేల డాలర్ల చిల్లర. పదేళ్ల తర్వాత ఎక్స్‌జెడ్ దగ్గర అదే చిత్రం. దాడి చేసినవాళ్లు వెతికింది కోడ్‌లో సందు కాదు, అలసిపోయిన ఒక మనిషిని. దీనికి భిన్నమైన పద్ధతి ఒకటి పాతకాలంలో ఉండేది. ఆంధ్రదేశపు ఆలయ శాసనాల్లో అఖండదీపం దానాలు కనిపిస్తాయి. దీపం పెట్టించామని గొప్పగా చెప్పుకుని ఊరుకోలేదు ఆ దాతలు. నెయ్యి ఆగకుండా గొర్రెల మందనో ఆవులనో ఇచ్చారు, ఆ మందను మేపి రోజూ నెయ్యి కొలిచే బోయల పేర్లు కూడా రాతి మీద చెక్కించారు. దీపం ఎవరి చేతుల మీద వెలుగుతోందో వాళ్లకు తెలుసు. ఎక్స్‌జెడ్‌ను తమ సర్వర్లలో పెట్టుకుని వ్యాపారం చేసుకున్న కంపెనీల్లో ఎన్నిటికి లాస్సె కాలిన్ పేరు తెలుసు, 2024 మార్చి 29 వరకు?

సంగతి బయటపడినప్పుడు కాలిన్ విశ్రాంతిలో ఉన్నాడు. తిరిగొచ్చి, జియా టాన్ చేర్చినవాటిని ఒక్కొక్కటే పరిశీలించుకుంటూ కూర్చున్నాడు. దొడ్డిదారిని తీసేసిన 5.6.2 వెర్షన్ ఆ ఏడాది మే 29న విడుదలైంది. దాని కింద అతని సంతకం ఉంది.